అరకు రద్దీ వద్దు, ఎస్.కోటలో రెండు రోజులు ఉంటే బాగుంటుందా?

సీతమ్మధార_సునీత
పోయిన జనవరిలో అరకు వెళ్ళి బుద్ధి తెచ్చుకున్నాం. డముకు వ్యూ పాయింటు ఇంకా కిలోమీటరు ఉందనగానే కార్లు బారులు తీరాయి. రెండున్నర గంటలు కదల్లేదు. పిల్లలకి లోయ కనిపించలేదు, ముందున్న టూరిస్టు బస్సు వెనక అద్దం కనిపించింది. అత్తయ్య బాత్రూమ్ అంటుంటే ఆ ఘాట్‌లో ఎక్కడికి తీసుకెళ్ళను? పైకెళ్ళాక గదికి మామూలు రోజుల మీద రెట్టింపు గుంజారు. వేణ్ణీళ్ళు మాత్రం బకెట్ లెక్కన.

ఇప్పుడు అరకు పేరెత్తితే ఇంట్లో ఎవరూ కదలరు. కార్తీకంలో రెండో శని, ఆది ఖాళీ దొరికాయి. చిన్న ఊరు కావాలి, పక్కన ఏరు ఉండాలి, పొద్దున్నే కాసేపు నడవడానికి వీలుండాలి. రిసార్టులు, రెయిన్ డాన్సులు వద్దు. ఎస్.కోటలో (అరకు ఘాట్‌కి కిందున్న శృంగవరపుకోట) గది తీసుకుని గోస్తనీ ఏటి ఒడ్డున గడిపితే ఎలా ఉంటుంది? బాబుకి 12, పాపకి 8. అత్తయ్యకి 71, మోకాళ్ళ నొప్పులు. ఎవరైనా అలా ఉండొచ్చారా?

కోటబుల్లోడు
ఏటి ఒడ్డున గదా? ఏటి ఒడ్డు, ఏటి గది? కోటలో ఏరెక్కడుందండీ బాబూ. నేను పుట్టి పెరిగిన ఊరు. గోస్తనీ కావాలంటే తాటిపూడి డ్యామ్ దగ్గరికి పోవాలి, పది పన్నెండు కిలోమీటర్లు. లేదంటే కిందికి జామి.

పెందుర్తి_బుల్లెట్
బుల్లోడిని టూరిజం శాఖలో వేసుకోవాలి. ఒక్క పోస్టుతో ఊరికి వచ్చేవాళ్ళని వెనక్కి పంపేశాడు.

సీతమ్మధార_సునీత
అయ్యో. మ్యాపులో నీలం గీత ఊరిని ఆనుకునే ఉన్నట్టు కనిపించింది.

కోటబుల్లోడు
మ్యాపులో వేలెడు దూరమే మేడమ్. ఆటోవాడు ఎంత దూరమంటాడో ఎక్కాక తెలుస్తుంది. రావద్దని నేననలేదు. కోటలో పడుకోండి, ఏరు కోసం బయటికెళ్ళండి అంటున్నా. గదులు మామూలువే, బస్ స్టాండు దగ్గర లాడ్జిలు. ముందే వెళ్ళి చూసి తీసుకోండి, లేదా కింద అంతస్తు కావాలని ఫోన్‌లోనే గట్టిగా చెప్పండి. లిఫ్టు సంగతి మర్చిపోండి.

చిట్టివలస_చిన్నోడు
గోస్తనీ మాట వచ్చింది కాబట్టి నన్నెవరూ ఆపలేరు, మాది ఆ ఏటి చివరి ఊరు. అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల్లోంచి బయటికొస్తుంది. ఆవు పొదుగులా వేలాడే రాళ్ళలోంచి నీళ్ళు కారుతాయని ఆ పేరు వచ్చిందంటారు. కటికి జలపాతం దాని మీదే. తర్వాత తాటిపూడి దగ్గర ఆనకట్ట, అక్కణ్ణుంచి జామి, పద్మనాభం, మా చిట్టివలస, ఆఖర్న భీమిలి దగ్గర సముద్రం. మొత్తం సుమారు 120 కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడదీశాక దీని బతుకు ఇంకా చిత్రమైంది. పుట్టిల్లు అల్లూరి జిల్లా, ఆనకట్ట విజయనగరం జిల్లా, సముద్రంలో కలిసేది విశాఖ జిల్లాలో.

అందుకని నా సలహా వేరే. అంత దూరం పోకండి. భీమిలిలో ఉండండి. ఏరు సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ సమాధులు, లైట్ హౌస్, అన్నీ నడిచే దూరంలోనే. అత్తయ్యగారికి సుఖం.

ఎంవీపీ_నడకరాయుడు
చిన్నోడికి మా ఊరే గొప్ప అన్న జబ్బు. ఆదివారం సాయంత్రం భీమిలి బీచ్ రోడ్డు చూశావా నువ్వు? ఆవిడ జనం వద్దని మొత్తుకుంటే జాతరకి పొమ్మంటావేం.

చిట్టివలస_చిన్నోడు
పొద్దున ఆరుకి చూడు, సాయంత్రం కాదు. జాలర్లు పడవలు లాగే టైముకి నువ్వు ఎంవీపీలో నిద్రపోతుంటావు.

బెల్లంజిలేబి
ఏరు, చిన్న ఊరు అన్నారు కాబట్టి పద్మనాభం ఎవరూ ఎందుకనలేదు? గోస్తనీ ఒడ్డునే. 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయిన చోటు. బాబుకి సోషల్‌లో పనికొస్తుంది. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి.

డాబాగార్డెన్స్_డాక్టరమ్మ
కొండ మీద గుడి, మోకాళ్ళ నొప్పులు. జిలేబీ, ప్రశ్న మళ్ళీ ఒకసారి చదువుకో తల్లీ.

బెల్లంజిలేబి
కింద కుంతీమాధవస్వామి గుడి కూడా ఉందిగా డాక్టరుగారూ. అత్తయ్యగారు కింద, మనవలు పైన.

రిటైర్డ్_గార్డు
కేకే లైనులో (కొత్తవలస-కిరండోల్) చాలా ఏళ్ళు గూడ్స్ గార్డుగా తిరిగాను. ఒక మాట చెప్తాను. కోటకి కారులో వెళ్ళండి, అక్కణ్ణుంచి పైకి మాత్రం రైల్లో వెళ్ళండి. ఘాట్‌లో కారు తోలేవాడు లోయ చూడడు, వెనక కూర్చున్నవాళ్ళకి వాంతులు. రైల్లో అందరూ చూస్తారు.

ఈ లైను 1960ల్లో వేశారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనప ఖనిజం మన హార్బరుకి దింపి జపాను పంపడం కోసం. మనుషుల కోసం కాదు, రాళ్ళ కోసం వేసిన లైను, మనం పక్కన వేలాడుతున్నాం. 58 సొరంగాలు. బొడ్డవర, శివలింగాపురం దాటాక ఎక్కుడు మొదలవుతుంది, 60 అడుగులకి ఒక అడుగు చొప్పున. నడుస్తున్నవాడికి ఇది లెక్కలోది కాదు. ఖనిజం నింపిన బండి దిగేటప్పుడు మాకు తెలిసేది. బ్రేకు దిమ్మలు కాలిన వాసన గార్డు డబ్బాలోకి వచ్చేది. ఇంటికెళ్ళి స్నానం చేసినా మా ఆవిడ "ఘాట్ బండా ఇవాళ?" అని అడిగేది.

కిరండోల్ వెళ్ళే పగటి బండి ఉదయాన్నే విశాఖలో బయల్దేరుతుంది, కోటలో ఆగుతుంది. బొర్రాగుహలు స్టేషన్లో దిగండి. సాయంత్రం తిరుగు బండిలో మళ్ళీ కోట.

పెందుర్తి_బుల్లెట్
గార్డు బాబాయ్, కోటలో ఎక్కితే సీటు ఎవరిస్తారు? విశాఖలోనే కిక్కిరిసి వస్తుంది ఆ బండి. కుడి వైపు కిటికీకి యుద్ధాలు జరుగుతాయి.

ఎంవీపీ_నడకరాయుడు
కుడి వైపు కాదు, ఎడమ వైపు.

పెందుర్తి_బుల్లెట్
పైకెళ్ళేటప్పుడు కుడి వైపే లోయ గురూ. తిరుగులో ఎడమ.

ఎంవీపీ_నడకరాయుడు
నేను ఎడమ వైపు కూర్చుని బోలెడు చూశాను.

రిటైర్డ్_గార్డు
నువ్వు చూసింది కొండ రాయి అయుంటుంది. కుడి వైపే. సీటు సంగతి నిజమే, రిజర్వేషన్ విశాఖ నుంచే చేయించుకోండి, ఎక్కేది కోటలో అని బోర్డింగు మార్చుకోండి. లేదంటే వృద్ధురాలు నిలబడాల్సి వస్తుంది. ఇంకోటి, డబ్లింగ్ (రెండో పట్టాల) పనులు జరుగుతున్నాయి. బండి టైముకి వస్తుందని మాత్రం ఎవరికీ మాటివ్వకండి. ఎదురుగా లోడు బండి దిగుతుంటే మనది పక్కన ఆగాల్సిందే. తుఫాను కబురుంటే అసలు పైకి వెళ్ళొద్దు, కొండరాళ్ళు పట్టాల మీద పడతాయి.

సీతమ్మధార_సునీత
గార్డు బాబాయ్, ఇది మంచి మాట. రైలంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. మరి తాటిపూడిలో పిల్లలు నీళ్ళలో దిగొచ్చా? అదే వాళ్ళకి ముఖ్యం.

గాజువాక_గురుడు
హాయిగా దిగొచ్చు. నేను ఇంటర్లో ఉన్నప్పుడు మిత్రబృందంతో వెళ్ళి ఈ చివర నుంచి ఆ చివరికి ఈదేవాళ్ళం. ఈత వస్తే భయమేంటి? ఈ కాలం పిల్లల్ని స్విమ్మింగ్ పూల్‌కి పరిమితం చేసి చంపేస్తున్నారు.

కోటబుల్లోడు
దిగొద్దు.

గాజువాక_గురుడు
ఎందుకు?

కోటబుల్లోడు
మీరు ఈ చివర నుంచి ఆ చివరికి ఈదారంటే నాకు నమ్మకం లేదు, అది వేరే సంగతి. అది డ్యామ్. ఒడ్డున మోకాలి లోతు, ఇంకో రెండడుగులు వేస్తే తలమునక. కింద బంక మట్టి, కాలు దిగబడితే రాదు. 1960ల్లో కట్టారు దాన్ని, ముందు అక్కడ పొలాలు, గట్లు ఉండేవి. కింద ఎక్కడ గట్టు, ఎక్కడ గుంట అనేది పైనుంచి చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

గాజువాక_గురుడు
అలా భయపడితే బాత్‌టబ్‌లో కూడా దిగకూడదు.

చిట్టివలస_చిన్నోడు
గురుడుగారూ, ఇక్కడ జోకులు ఆపుతాను. పదో తరగతిలో నా పక్క బెంచీ కుర్రాడు. మా ఏట్లోనే. వర్షాలయ్యాక వచ్చిన కొత్త నీళ్ళు, పైనుంచి చూస్తే తొడల్లోతు. వాడికి ఈత బాగా వచ్చు, నాకు నేర్పింది వాడే. ఇసక తీసిన గోతిలో పడ్డాడు. మేం నలుగురం గట్టు మీదే ఉన్నాం. మొదటి నిమిషం ఆటలాడుతున్నాడనుకున్నాం. వాడి చెప్పులు వాళ్ళమ్మకి ఎవరు పట్టుకెళ్ళి ఇవ్వాలని మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, చివరికి నేనే వెళ్ళాను. ఈత రావడం వేరు, ఆ నీళ్ళు తెలియడం వేరు.

గాజువాక_గురుడు
సారీ చిన్నోడూ. నా పోస్టు వెనక్కి తీసుకుంటున్నా.

డాబాగార్డెన్స్_డాక్టరమ్మ
సునీతా, పిల్లలు కాళ్ళు తడుపుకోవాలంటే ఊరివాళ్ళు బట్టలుతికే రేవు ఎక్కడుందో అడిగి అక్కడే, చీలమండ లోతులో, మీరు చెయ్యి పట్టుకుని. జలపాతాల దగ్గర ఇంకా జాగ్రత్త. కొండ మీద వాన పడితే కింద ఎండ కాస్తున్నా నీళ్ళు ఉన్నట్టుండి పెరుగుతాయి. నీళ్ళ రంగు మారి ఎర్రగా వస్తే, ఆకులు పుల్లలు కొట్టుకొస్తే, ఫోటో ఆపి పైకి వచ్చేయండి.

రెండోది దోమలు. ఏజెన్సీ వైపు వెళ్తున్నారు, మలేరియా ఉన్న ప్రాంతం. పిల్లలకి నిండు చేతుల చొక్కాలు, దోమల మందు. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి "అరకు వైపు వెళ్ళాం" అని ముందే చెప్పాలి. చాలామంది ఆ మాట చెప్పరు, మేం వైరల్ అనుకుని రెండు రోజులు పోగొడతాం.

అత్తయ్యగారిని బొర్రా గుహల్లోకి దింపకండి. సుమారు 80 మీటర్ల లోతుకి మెట్లు, చెమ్మ, జారుడు. దిగడం కంటే ఎక్కడం కష్టం.

సీతమ్మధార_సునీత
తాటిపూడిలో బోటింగ్ ఉందని విన్నాను?

కోటబుల్లోడు
ఉండేది. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది కదా, ఆ తర్వాత రాష్ట్రమంతా బోట్లు ఆపేశారు. ఆ తర్వాత కొన్ని చోట్ల మళ్ళీ మొదలెట్టారు. మీరెళ్ళిన రోజు నడుస్తోందా లేదా అన్నది అక్కడే కనుక్కోండి. నడిస్తే లైఫ్ జాకెట్ ఇచ్చేదాకా ఎక్కొద్దు. నడవకపోతే గట్టు మీద నడవండి, అదే బాగుంటుంది నన్నడిగితే. ఒకవైపు నీళ్ళు, ఒకవైపు పచ్చటి చేలు, ఎదురుగా కొండలు. పొద్దున్న ఆరుకి వెళ్ళాలి.

ఇంకో సంగతి. ఆదివారం వెళ్ళొద్దు. కార్తీకం ఆదివారాలు వనభోజనాల బస్సులతో నిండిపోతుంది. ఉసిరి చెట్టుకి ఒక సౌండ్ బాక్సు. శనివారం వెళ్ళండి. అలాగే సోమవారం పుణ్యగిరి వైపు వెళ్ళొద్దు, శివుడి గుడి, కోటకి దగ్గరే. జనం పోటెత్తుతారు. మిగతా రోజుల్లో చల్లటి చోటు, కొండ ధార పడుతుంది. కాస్త ఎక్కుడు ఉంది మరి.

అనంతగిరి_టీచరు
నేను పైన ఏజెన్సీ బళ్ళో పాఠాలు చెప్తాను. వచ్చేవాళ్ళకి చిన్న విన్నపం. మా పిల్లలకి కారు కిటికీలోంచి చాక్లెట్లు విసరకండి. పోయినేడు ఒక పిల్లాడు వాటి కోసం మలుపులో రోడ్డుకి అడ్డంగా పరిగెత్తాడు, బస్సు డ్రైవరు పుణ్యమా అని బతికాడు. ఇవ్వాలనుంటే బడికి వచ్చి నోటు పుస్తకాలివ్వండి. ఆడవాళ్ళు పొలంలో పని చేస్తుంటే అడక్కుండా ఫోటోలు తీయకండి.

జలపాతాల దగ్గర సీసాలు పగలగొట్టకండి. అక్కడ చెప్పుల్లేకుండా తిరిగేది మీరు కాదు, మేము.

మీరు వచ్చే రోజులకి కాఫీ పళ్ళు ఎర్రబడుతుంటాయి, పైన అరకు వైపు వలిసెలు (పసుపు పూల నూనెగింజ పంట) పూస్తాయి. వలిసె చేలో దిగి ఫోటోకి డబ్బులడిగితే గొడవ పడకండి. తొక్కిన పంట వాళ్ళది.

పెందుర్తి_బుల్లెట్
టీచరుగారూ, ఆ నీళ్ళలో వేసిన చెత్త మళ్ళీ మనింటికే వస్తుంది. తాటిపూడి నీళ్ళు విశాఖ కుళాయిలకి కూడా ఇస్తారుగా. బీరు సీసా విసిరినవాడు మర్నాడు ఆ నీళ్ళతోనే కాఫీ పెట్టుకుంటాడు.

బెల్లంజిలేబి
ఇంతవరకూ ఒక్కరూ తిండి మాట ఎత్తలేదు. ఇది తెలుగువాళ్ళ వేదికేనా?

కోటబుల్లోడు
పొద్దున్న బస్ స్టాండు దగ్గర ఇడ్లీ, పునుగులు. మధ్యాహ్నం మెస్‌లో అన్నం. ఎండాకాలం వస్తే పనసపళ్ళు, కొండల మీదవన్నీ మా కోటకే దిగుతాయి, ఊరంతా పనస వాసన. ఇప్పుడైతే సీతాఫలాలు. దారిలో కాల్చిన మొక్కజొన్న పొత్తులు. చోడి (రాగి) అంబలి దొరికితే వదలొద్దు.

బెల్లంజిలేబి
బొంగు చికెన్?

మోడరేటర్_మాస్టారు
కార్తీక మాసంలో ప్రశ్న అడిగిన ఇంట్లో అత్తగారున్నారు. ఈ చర్చ ఇక్కడితో ఆపవలసిందిగా మనవి.

ఎంవీపీ_నడకరాయుడు
ఇంత రాసినా నాకు ఒకటి అర్థం కాలేదు. చూసేదేముందని కోటలో రెండు రోజులు? డ్యామ్ గట్టు గంటలో నడిచేస్తాం. మిగతా 47 గంటలు ఏం చేస్తారు?

కోటబుల్లోడు
మేం 40 ఏళ్ళుగా ఏం చేస్తున్నామో అదే చేస్తారు.

రిటైర్డ్_గార్డు
నడకరాయా, ఆవిడ చూడ్డానికి వెళ్ళట్లేదు, ఊపిరి పీల్చుకోవడానికి వెళ్తోంది. అమ్మా సునీతా, పెట్రోలు, డబ్బులు, అత్తయ్యగారి మందులు కోటలోనే చూసుకోండి. ఘాట్ ఎక్కాక ఫోన్ సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. విశాఖ నుంచి బయల్దేరేటప్పుడు ఎన్ఏడీ, గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి దాటడమే సగం ప్రయాణం. తెల్లారకముందే దాటండి.

సీతమ్మధార_సునీత
వెళ్ళి వచ్చాం! (పదహారు రోజుల తర్వాత రాస్తున్నా, తిట్టకండి.)

శుక్రవారం రాత్రి కోట చేరాం. కింద అంతస్తు గది ఫోన్‌లో ఒప్పుకున్నారు, వెళ్ళాక రెండో అంతస్తు అన్నారు. అరగంట వాదించాను. "కింద గదిలో మేనేజరుగారి తమ్ముడున్నారు" అన్నారు. అత్తయ్య అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని, "ఆ బాబు లేచేదాకా ఇక్కడే ఉంటాను, తొందరేం లేదు" అంది. పది నిమిషాల్లో తమ్ముడు లేచాడు.

శనివారం ఆరింటికి తాటిపూడి. బుల్లోడుగారూ, మీకు దండం. గట్టు మీద మేం కాక ఇద్దరే ఉన్నారు, నడకకి వచ్చిన ముసలాయన, ఆయన కుక్క. నీళ్ళ మీద పొగలాగా మంచు. బోటు తిరగట్లేదు ఆ రోజు, పిల్లలు కాసేపు మొహాలు మాడ్చుకున్నారు. ఇంతలో ఒకాయన తెప్ప మీద ఒడ్డుకొచ్చాడు. వల విప్పి ఒక్కో చేపా తీస్తున్నాడు. మొప్ప దగ్గర దారం ఇరుక్కుంటే బొటనవేలి గోరుతో ఎత్తి, వల తెగకుండా వెనక్కి లాగుతున్నాడు. మా వాడు ముప్పావు గంట కదల్లేదు. ఫోన్ అడగలేదు. చిన్నవాటిని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తుంటే ఎందుకని అడిగాడు. "మళ్ళీ ఏడాది నాకెవడిస్తాడు?" అన్నాడాయన.

మా అత్తయ్య కార్తీకమంతా ఒంటిపూట భోజనం, ఉల్లిపాయ కూడా ముట్టదు. ఆవిడ దిగి వచ్చి ఆ బొచ్చె చేప కిలో ఎంతని అడిగింది. చెప్పాడు. ఎక్కువన్నది. పావుగంట బేరమాడి తనకి నచ్చిన ధరకి దింపింది. "సరేనమ్మా తీసుకోండి" అంటే "కార్తీకంలో ఎలా తింటాం బాబూ, మరీ ఎక్కువ చెప్తున్నావేమోనని" అంది. ఆయన నవ్వాడో ఏడ్చాడో తెలీదు.

పిల్లలు నీళ్ళలో దిగుతామన్నారు. చిన్నోడుగారు రాసింది మా వాడికి ముందే చదివి వినిపించాను. అడగడం వాడే ఆపేశాడు. రేవు మెట్ల మీద కూర్చుని కాళ్ళు పెట్టుకున్నారు.

డాబాగార్డెన్స్_డాక్టరమ్మ
అత్తయ్యగారికి నా నమస్కారాలు. బొర్రా?

సీతమ్మధార_సునీత
ఆదివారం రైలు. గార్డు బాబాయ్ చెప్పినట్టే బోర్డింగు మార్చుకున్నాం, కుడి వైపు కిటికీ దొరికింది. (నడకరాయుడుగారూ, ఎడమ వైపు కూడా చూశాను. రాయే.) పాప సొరంగాలు లెక్కపెట్టడం మొదలెట్టి తొమ్మిది దగ్గర ఇడ్లీ తింటూ మర్చిపోయింది. గుహల్లోకి నేను, పిల్లలు వెళ్ళాం. అత్తయ్య, మావారు పైన చెట్టు కింద. ఆవిడ తిరగలేదు కానీ నలుగురి ఇంటి సంగతులు కనుక్కుంది.

తిరుగు బండి గంటా నలభై నిమిషాలు ఆలస్యం. వచ్చాక ఒకటే రద్దీ, మా సీట్లలో ఎవరో నిద్రపోతున్నారు. సీతాఫలాల గంపతో ఒకావిడ అప్పుడే ఎక్కింది, కోటలో అమ్ముకోడానికి. అత్తయ్య మోకాలు పట్టుకుని నిలబడితే ఆవిడ గంప కాళ్ళ మధ్యకి లాక్కుని, పక్కవాళ్ళని ఒక్క కేక వేసి జాగా చేయించింది. కోట వచ్చేసరికి ఇద్దరూ వదినా మరదళ్ళయిపోయారు. ఈసారి అత్తయ్య బేరమాడలేదు. గంపంతా కొనేసింది.

రిటైర్డ్_గార్డు
గంటా నలభై అంటే టైముకి వచ్చినట్టే తల్లీ.

ఎంవీపీ_నడకరాయుడు
ఖర్చెంతయింది మొత్తం? నాకు ఇప్పుడు కాస్త మనసవుతోంది.

సీతమ్మధార_సునీత
అరకులో ఒక్క రాత్రికి ఇచ్చినదాని కంటే తక్కువే. గంప ధర కలపకుండా. ఇంట్లో నలభైకి పైగా సీతాఫలాలున్నాయి, బియ్యం డబ్బాలో పెట్టినవి, పెట్టనివి అన్నీ ఒకేరోజు మెత్తబడ్డాయి. కారు డిక్కీలో చీమలు కాపురం పెట్టాయి. ఇప్పుడు పదహారు రోజులయింది కదా, పళ్ళున్నాయా అని అడగకండి, అత్తయ్య మొన్న టీచరుగారి పేరు చెప్పి మావారిని మళ్ళీ పంపించింది. బడికి నోటు పుస్తకాల కట్ట వెళ్ళింది, ఇంకో గంప వచ్చింది.

అనంతగిరి_టీచరు
అందాయండీ. పిల్లలు అట్టలు వేసుకుంటున్నారు.

పెందుర్తి_బుల్లెట్
సీతమ్మధారలో ఎక్కడండీ మీ ఇల్లు? ఊరికే, దారిలో వస్తుంటా కదా.

బెల్లంజిలేబి
నేనూ దారిలోనే ఉన్నా. ఏ వీధి?

కోటబుల్లోడు
ఏటి వీధి?